పద్నాలుగో నంబరు సైకిలు

తేదీ: 2024 నవంబరు 14, గురువారం. సమయం: సాయంత్రం నాలుగు గంటల యాభై నిమిషాలు. స్థలం: దుబాయ్, హత్తా కొండల్లో ఎర్రగుర్తుల సైకిలు దారి, మూడో మలుపు. హాజరైనవారు: దయాకర్, సైకిలు మెకానిక్, ఒక్కడే.

ఆ పత్రంలో తేదీ నిజం, సమయం నిజం, స్థలం నిజం. చివరి మాట ఒక్కటే అబద్ధం.

గంట క్రితం దయాకర్ ఒక జంతువు కళ్లలోకి చూశాడు. మనిషి దుకాణానికి తిరిగి వచ్చాడు గాని, ప్రాణం ఇంకా ఆ మలుపు దగ్గరే నిలబడి ఉంది. స్పానరు పట్టుకుంటే జారిపోయింది. టీ పట్టుకుంటే సగం చొక్కా మీద ఒలికింది. వేడిగా తగిలిందని అతనికి తెలియడానికి కొంతసేపు పట్టింది.

దయాకర్‌ది నిర్మల్ జిల్లాలో, కడెం దగ్గర అడవి అంచు పల్లె. మూడేళ్లు దుబాయ్‌లో అల్ వర్సాన్ కూలీల క్యాంపులో ఉంటూ భవనాలకు ఇనుప చువ్వలు కట్టాడు. క్యాంపులో తోటివాళ్ల సైకిళ్లు బాగుచేసే అతని నేర్పు చూసి, కరీంనగర్ నుంచి వచ్చి హత్తాలో సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణానికి మేనేజరుగా ఉన్న తబ్రేజ్ అతణ్ణి పిలిపించుకున్నాడు. పగలంతా మరమ్మతులు. సాయంత్రం దారులు మూసేశాక, వెనకబడినవారు ఎవరైనా ఉన్నారేమో చూస్తూ కొండ చుట్టూ ఒకసారి తిరిగి రావడం కూడా అతని పనే. దాన్ని దుకాణంలో ఆఖరి చుట్టు అంటారు.

ఆ గురువారం ఆఖరి చుట్టులో అతనితో శాంతిప్రియ ఉంది.

ఆమెతో తొలి పరిచయం అక్టోబరు మొదటివారంలో, ఒక తగాదాతో మొదలైంది. ఆరేళ్ల పాప చెయ్యి పట్టుకుని దుకాణంలోకి వచ్చి, వరసగా నిలబెట్టిన ఇరవై రెండు సైకిళ్లనూ తేరిపార చూసి, ఆమె పెదవి విరిచింది.

“క్యారేజీ ఉన్న సైకిలు ఒక్కటీ లేదాండీ? బెల్లు కూడా లేదే.”

ఆ దుకాణంలో ఆడగొంతు తెలుగు పలకడం అదే మొదటిసారి. దయాకర్ చేతిలోని గ్రీజు గుడ్డ కింద పడింది. ఆ తత్తరపాటు కనిపించకుండా ఉండాలని అతను కాస్త ఎక్కువే మాట్లాడాడు.

“క్యారేజీ మీద ఏం పెడ్తరు మేడం, గడ్డిమోపా? ఇది కొండ మీదికి పోయే సైకిలు.”

“మంచినీళ్ల సీసా పెడతానండీ. తొక్కడం వచ్చా అని అడగండి, చెబుతాను. రాజోలు కాలవగట్టు మీద పదేళ్లు తొక్కాను.”

కాలవగట్టు మీద పదేళ్లు తొక్కిన మనిషి, దుకాణం ముందున్న చిన్న వాలు దిగుతూ పిల్లిని తప్పించబోయి బ్రేకు నొక్కింది. సైకిలు అక్కడే ఆగింది. ఆమె ఆగలేదు. హ్యాండిలు మీదుగా ఎగిరి ఇసుకలో కూర్చుంది. పాప చప్పట్లు కొట్టింది. దయాకర్ మాత్రం నవ్వలేదు. పరుగెత్తుకుని వెళ్లాడు.

“మీ సైకిలుకి పిచ్చండీ,” అంది ఆమె మోచేతి ఇసుక దులుపుకుంటూ. “ఎడంచేతి బ్రేకు నొక్కితే ముందు చక్రం ఆగింది.”

పిచ్చి సైకిలుది కాదు. మన దేశంలో కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి. ఆ దుకాణంలోని సైకిళ్లు యూరప్‌వి, అక్కడ ఈ ఏర్పాటు తలకిందులు. మెదడుకు చెప్పవచ్చు గాని, పదేళ్ల అలవాటున్న చేతికి చెప్పడం కష్టం. దయాకర్ కూడా మొదటి వారంలో మూడుసార్లు అలాగే ఎగిరాడు. ఆ సంగతి ఆమెతో ఒప్పుకోవడానికి మాత్రం అతనికి ఇంకో వారం పట్టింది.

శాంతిప్రియ కుబ్రా బేగం ఇంట్లో పాపను చూసుకునే పనిలో ఉంది. హైదరాబాదు నుంచి వచ్చి హత్తాలో స్థిరపడిన ఆ ఇల్లాలు, శాంతిప్రియ పనిలో చేరిన రోజునే వేళ్లు మడిచి షరతులు వినిపించింది. పాప ఎక్కడికి వెళితే ఆయా అక్కడికి వెళ్లాలి. గురువారం మధ్యాహ్నం నుంచి సెలవు. మగవాళ్లతో పరిచయాలు కూడవు. ఉన్నాయని తెలిసిననాడు ఖలాస్, ఊరికి టికెట్టే. పాప సైకిలు మీద మోజుపడింది కాబట్టి శాంతిప్రియ కొండసైకిలు నేర్చుకోక తప్పలేదు. నేర్పేవాడు దయాకర్ ఒక్కడే కాబట్టి మూడో షరతు మొదటి షరతుకు అడ్డం వచ్చింది.

తరువాతి గురువారానికి పద్నాలుగో నంబరు సైకిలు ఆమెకోసం సిద్ధంగా ఉంది. ఆ ముందురోజు దయాకర్ రెండు గంటలు కూర్చుని దాని బ్రేకులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చాడు. సీటు కింద ఎర్రటేపు చుట్టి “అద్దెకు కాదు” అని రాశాడు. తబ్రేజ్‌తో మరమ్మతులో ఉందన్నాడు. ఆమెకు ఏమీ చెప్పలేదు.

“ఈ ఒక్క సైకిలే నా మాట వింటోందండీ,” అంది ఆమె ఆ సాయంత్రం.

“సైకిలు మంచిది మేడం. మెకానిక్ గూడ మంచోడే.”

“ఆయ్, అది ఇంకా తేలలేదండి.”

అలా ఐదు గురువారాలు గడిచాయి. ఒకసారి రెండు చుక్కల వాన రాలితే, హత్తాలో వాన చూసినవాళ్లు చేసే పనే ఇద్దరూ చేశారు: సైకిళ్లు ఆపి, ముఖాలు పైకెత్తి, మూడో చుక్క కోసం ఎదురుచూశారు. అది రాలేదు. ముఖాలు దించినప్పుడు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపు సాగింది. మాట మాత్రం ఎవరూ పెదవి దాటనీయలేదు.

ఇక ఆరో గురువారం, నవంబరు 14.

మూడో మలుపు దగ్గర శాంతిప్రియ ముందుంది. ఆమె రెండు బ్రేకులూ మెల్లగా నొక్కి, దుమ్ము కూడా లేవకుండా ఆగింది. అంత బాగా ఆగినందుకు మెచ్చుకోబోతూ వెనక నుంచి వచ్చిన దయాకర్‌కు, బిగుసుకుపోయిన ఆమె మెడ కనిపించింది. తరువాత ఆమె చూస్తున్నది కనిపించింది.

పది అడుగుల దూరంలో, వాళ్ల తలలకంటే కొంచెం ఎత్తులో, చదునైన బండ మీద ఒక జంతువు పడుకుని ఉంది. దాని ఒళ్లు బండ రంగులోనే ఉంది. బండే రెండు కళ్లు తెరిచినట్టుంది. మచ్చలు లేవు. జూలు లేదు. మనిషి చెయ్యంత లావున్న తోక బండ అంచు నుంచి కిందికి వేలాడుతోంది. దాని చివర మాత్రమే, చాలా తీరుబడిగా, అటూ ఇటూ కదులుతోంది.

దయాకర్ చిరుతలు తిరిగే ఊళ్లో పెరిగాడు. దొడ్లో లేగదూడ మాయమైన ఉదయం ఎలా ఉంటుందో తెలుసు. కాని ఆ భయానికి ఒక పేరుంది, దాన్ని ఊరంతా పంచుకుంటుంది. దీనికి పేరు లేదు. తనకు తెలిసిన ఏ జంతువూ ఇది కాదన్నది ఒక్కటే అతనికి తెలుసు.

“ఉరుకకు,” అన్నాడు పెదవులు కదలకుండా. “వీపు చూపియ్యకు. సైకిలు ముంగట నిలబెట్టు. గట్టిగ మాట్లాడు.”

“ఏం మాట్లాడాలండీ?”

“ఏదన్న. ఆగకుంట.”

శాంతిప్రియ సైకిలును అడ్డంగా ఎత్తిపట్టుకుంది. ఆ జంతువు కళ్లలోకి చూస్తూ, పాపకు అన్నం తినిపించేటప్పుడు వాడే గొంతుతో మొదలుపెట్టింది.

“ఈ బ్రేకులు మార్చింది నా కోసమేనని నాకు తెలుసండీ. మొదటిరోజే తెలుసు. మిగతా సైకిళ్లన్నీ నొక్కి చూశాను, దీనికొక్కదానికే మార్చారు. అడిగితే మళ్లీ మామూలుగా చేసేస్తారేమోనని అడగలేదండీ. గురువారం కోసం బుధవారం నుంచీ అన్నం సయించడం లేదండీ.”

దయాకర్ కూడా ఆమెను చూడలేదు. జంతువు మీంచి చూపు తిప్పకుండా, కొండ ప్రతిధ్వనించేటంత గట్టిగా జవాబిచ్చాడు.

“నాకు సోమవారం నుంచే. బ్రేకులు మార్చ. ఎప్పటికీ మార్చ.”

బండ మీది జంతువు అంతా విన్నది. లేచి, ఒళ్లు విరుచుకుని, రెండు సైకిళ్ల పొడవున్న ఒక్క దూకులో దారి దాటి లోయలోకి దిగిపోయింది. గులకరాయి కూడా దొర్లలేదు.

ఆ తరువాత సైకిలెక్కడం ఇద్దరివల్లా కాలేదు. తోసుకుంటూ దిగారు. శాంతిప్రియ అతని చొక్కా అంచు ఎప్పుడు పట్టుకుందో తెలియదు. దుకాణం వెనక గేటు దగ్గర విడిచిపెట్టినప్పుడు అక్కడ నలిగిన గుర్తు ఉంది. జీవితంలో మొదటిసారి ప్రేమ మాట పలికినవాళ్లు, పలికిన సంగతిని గుర్తు తెచ్చుకోలేనంత దిగ్భ్రాంతిలో ఉన్నారు.

“కాగితం రాయాలాండీ?”

“రాయాలె. ఎల్లుండి పిల్లలొస్తరు. నీ పేరు రాయ. పో, ఇంటికి పో.”

శనివారం ఉదయం ఏడు గంటలకు ఎర్రగుర్తుల దారిలో నలభైరెండు మంది బడిపిల్లల సైకిలు సవారీ ఉంది. కుబ్రా బేగం గారి పాప అందులో ముప్పైఒకటో నంబరు.

కొండదారులు చూసుకునే అధికారి ఆ సాయంత్రమే వచ్చాడు. నెమ్మదైన అరబ్బు పెద్దమనిషి, హిందీ బాగా వచ్చినవాడు. దయాకర్ తెలుగులో రాసినదాన్ని తబ్రేజ్ పైకి చదువుతూ కింద ఇంగ్లీషులో రాస్తుంటే ఓపికగా విన్నాడు. అది కారకల్ అనే అడవిపిల్లి కావచ్చని, ఈ కొండల్లో అరుదుగా కనిపిస్తుందని, మనిషిని చూస్తే పారిపోతుందని చెప్పాడు. దయాకర్ తోక గురించి చెప్పాడు. కారకల్‌కు అంత తోక ఉండదు. సంధ్యవేళ బండల నీడ తోకలా కనిపిస్తుందని అధికారి ఓదార్చాడు. దారి మూయాలంటే అడుగుజాడైనా ఉండాలి, రెండో సాక్షి అయినా ఉండాలి. అది నియమం. మీతో ఇంకెవరైనా ఉన్నారా అని అతను రెండుసార్లు అడిగాడు. దయాకర్ రెండుసార్లూ లేరన్నాడు.

శుక్రవారం ఉదయం ఇద్దరు మనుషులు వెళ్లి చూసి వచ్చారు. అంతా బండ. జాడ లేదు. సవారీ జరుగుతుందన్నారు.

దయాకర్ నిర్ఘాంతపోయాడు. పులిని చూసినవాడి మాట ఊళ్లో ఎవరూ కాదనరు. ఇక్కడ అందరూ మర్యాదగా, చిరునవ్వుతో కాదన్నారు. అతని దగ్గర ఇక ఒక్క పేరు మిగిలింది. అది చెబితే ఆమెకు ఊరి టికెట్టు. చెప్పకపోతే నలభైరెండు మంది పిల్లలు. రేపు తెల్లవారకముందే మూడో మలుపులో అడ్డంగా కూర్చుంటానని తబ్రేజ్‌తో చెప్పాడు. నీ పిచ్చి ముదిరిందని, స్వయంగా చూసి వచ్చి నీ నోరు మూయిస్తానని తబ్రేజ్ లేచాడు. మిగతా సైకిళ్లన్నీ శుభ్రం చేసి వరసపెట్టి ఉన్నాయి. చేతికి అందింది పద్నాలుగో నంబరు.

దుకాణం ముందు వాలులో తబ్రేజ్ వెనక చక్రం ఆపుదామని కుడిచేయి నొక్కాడు.

ఏడేళ్లుగా ఆ సైకిళ్లతోనే బతుకుతున్న మనిషి అందరూ చూస్తుండగా గాలిలోకి లేచి ఇసుకలో కూర్చున్నాడు. తనకేమైందో అర్థం కాక చాలాసేపు తన కుడి అరచెయ్యినే చూసుకున్నాడు. తరువాత సీటు కింద ఎర్రటేపును, తరువాత దయాకర్‌ను చూశాడు.

“ఇరవై రెండు సైకిళ్లల్ల ఒక్కదానికే దేశీ బ్రేకు,” అన్నాడు మెల్లగా. “నిన్న దీని టైర్లకు గూడ కొండ దుమ్ముండె. నువ్వు ఒక్కనివే లేవు దయా. ఎవరి కోసం రా ఇది?”

“నౌకరి తీసెయ్ భాయ్. పేరు అడగకు.”

తబ్రేజ్ అడగలేదు. లేవడానికి చెయ్యి మాత్రం అందించమన్నాడు.

అదే సమయానికి కుబ్రా బేగం ఇంట్లో శాంతిప్రియ టీలో పంచదారకు బదులు ఉప్పు వేసింది. బేగం ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టింది. ఆమె రేపటి సవారీకి పాప చొక్కా మీద ముప్పైఒకటో నంబరు గుడ్డ పిన్నులతో గుచ్చుతోంది. పాప రోజూలాగే జంతువుల బొమ్మల అట్టలు తెచ్చి ఆయా ఒళ్లో పోసింది. ఒంటె, ఏనుగు, జిరాఫీ. నాలుగో అట్ట తిప్పిన శాంతిప్రియ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

బండ రంగు ఒళ్లు. మచ్చలు లేవు, జూలు లేదు. చెయ్యంత లావు తోక.

“ప్యూమా,” అంది పాప, ఆయా చెప్పడం ఆలస్యమైందని విసుక్కుంటూ. “కొండసింహం.”

ఈ బొమ్మను శాంతిప్రియ నూరుసార్లు చూపించింది. నిన్న ఎదురుగా ఉన్నప్పుడు ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు. అట్ట వెనక, ఇది అమెరికా కొండల్లో ఉంటుందని రాసి ఉంది. సముద్రాల అవతల ఉండవలసినది ఈ బండ మీదికి ఎలా వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు. కాని పేరు దొరికింది. పేరున్నదాని మీద ఫిర్యాదు చేయవచ్చు. చెప్పాలంటే ముందు, అక్కడ ఉన్నానని ఒప్పుకోవాలి.

ఆమె పాప చొక్కా మీది నంబరు వంక చూసింది. లేచి వెళ్లి బేగం ఎదుట నిలబడింది.

“అమ్మా, రేపు పాపను పంపకండి. పిల్లల్నెవర్నీ వెళ్లనివ్వకండి. నిన్న మూడో మలుపులో దీన్ని నేను చూశానండి.”

బేగం అట్టను చూసింది. ఆయాను చూసింది. చేతిలోని పిన్ను వేలికి గుచ్చుకున్న సంగతి ఆమెకు తెలియలేదు.

“నువ్వు కొండ మీద ఏం చేస్తున్నవ్?”

“సైకిలు తొక్కుతున్నానండి.”

“ఒక్కదానివే?”

“కాదండి. దయాకర్ గారు. సైకిలు మెకానిక్కు.”

“ఎన్ని దినాలసంది?”

“ఆరు గురువారాలండి.”

తన ఇంట్లో, తన కళ్లముందు, ఆరు గురువారాలు. బేగం లేచి కారు తాళం తీసుకుని, చెప్పులేసుకోమంది. శాంతిప్రియ పెట్టె సర్దుకోవడానికి కదిలింది. పెట్టె ఎందుకని బేగం విసుక్కుంది. కారు పెద్దరోడ్డెక్కి దుబాయ్ విమానాశ్రయం వైపు తిరగలేదు. కొండల వైపు తిరిగింది.

మధ్యాహ్నం మూడున్నరకు దుకాణంలో, సవారీ ఏర్పాట్లు చూడడానికి వచ్చిన అధికారి, తబ్రేజ్, దయాకర్ ఉన్నారు. గుమ్మంలో శాంతిప్రియను చూసిన దయాకర్ లేచి నిలబడ్డాడు. ఆమె వెనక కుబ్రా బేగాన్ని చూసి మళ్లీ కూలబడ్డాడు.

శాంతిప్రియ అట్టను బల్ల మీద పెట్టింది. తోక ఎంత లావో ముంజేయి చాపి చూపించింది. అధికారి అట్ట మీది పేరు రెండుసార్లు చదివాడు. అతని ముఖంలో చిరునవ్వు మొదటిసారి మాయమైంది. బయటికి వెళ్లి ఫోనులో మాట్లాడాడు. తిరిగి వచ్చినప్పుడు మనిషి పాలిపోయి ఉన్నాడు. కొండకు అవతల ఒక తోట పనివాడు మంగళవారం పశువుల డాక్టరును ఒక వింత ప్రశ్న అడిగాడట: ప్యూమాకు మత్తుసూది ఎంత మోతాదు ఇవ్వాలి? డాక్టరు దాన్ని ఆకతాయి ప్రశ్న అనుకున్నాడు. ఎవరో అనుమతి లేకుండా దొంగచాటుగా తెచ్చి పెంచుకుంటున్నది తప్పించుకుంది; శిక్షకు భయపడి మూడు రోజులుగా దాచారు.

దారులన్నీ మూయమని అధికారి అక్కడి నుంచే ఆదేశమిచ్చాడు. సవారీ రద్దు. బోనులు, మనుషులు బయలుదేరారు. తరువాత దయాకర్ వైపు తిరిగి, నిన్న నమ్మనందుకు మన్నించమని హిందీలో అడిగాడు. రేపు ఆ మలుపు తిరగవలసిన నలభైరెండు చిన్న సైకిళ్లు దయాకర్ కళ్లముందు వరసగా కదిలిపోతున్నాయి.

రెండో సాక్షి వాంగ్మూలం రాయాలి కాబట్టి నిన్నటి పత్రం మళ్లీ బల్ల మీదికి వచ్చింది. దయాకర్ “ఒక్కడే” అన్న మాట కొట్టేసి, పక్కన పొట్టిసంతకం చేసి, శాంతిప్రియ పేరు రాశాడు. ఆమె తాను చూసింది రాసింది. కింద ఇంకో గడి మిగిలింది.

“మొదటి సాక్షితో సంబంధం,” అని తబ్రేజ్ చదివాడు. చదివాక ఎటు చూడాలో తెలియక తన మోచేతి మీది గాయాన్ని చూసుకున్నాడు.

శాంతిప్రియ కలం పట్టుకుని దయాకర్ వైపు చూసింది. “ఏం రాయమంటారండీ?”

“నిన్న నేను రాసిన అబద్ధం చాలు. నిజం రాయి.”

ఆమె బేగం వైపు తిరిగింది. ఉండడానికి ఇల్లు, తినడానికి తిండి, ఈ దేశంలో నిలబడడానికి వీసా, అన్నీ ఆ మనిషి చేతిలోనే ఉన్నాయి. బేగం కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“మగోళ్ల పరిచయం ఉంటే ఖలాస్ అన్న. అన్న మాట నిజమే. గని నువ్వు నోరు మూసుకుంటే రేపు నా బిడ్డ ఆడ ఉండేది. అసుంటి పిల్లకు టికెట్ ఎట్ల కొంట నేను? ఆరు గురువారాలు దాచినవ్, దాని ముచ్చట ఇంటికి పోయినంక. రాయి.” తరువాత దయాకర్ వైపు చూసింది. “ఓ మెకానిక్. నీ తల్లి పేరేంది?”

“చంద్రవ్వ, అమ్మా.”

“ఫోన్ కలుపు. ఇది రాయంగనే మాట్లాడత. రాజోలుకు గూడ నేనే చెప్త. ఈ పిల్లకు ఈడ పెద్దదిక్కు నేనే.”

శాంతిప్రియ తల వంచి రెండు మాటలు రాసింది. తబ్రేజ్ తొంగిచూసి గొంతు సవరించుకున్నాడు. అధికారికి ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది: కాబోయే భర్త. అధికారి కనుబొమలు లేచాయి. ఇది నిన్నటికా, ఇవాళ్టికా అని అడిగాడు. నిన్న నాలుగూ యాభైకి అని దయాకర్ చెప్పాడు. జంతువు కూడా విన్నదని చెప్పలేదు.

మొదటి సాక్షి సంతకం చేశాడు. రెండో సాక్షి సంతకం చేసింది. ఆయా యజమానిగా కుబ్రా బేగం, దుకాణం తరఫున తబ్రేజ్ సంతకాలు పెట్టారు. అసలు పత్రం అధికారి తీసుకున్నాడు. నకలును తబ్రేజ్ మూడు మడతలు పెట్టి, సైకిళ్ల నంబరు బిళ్లలు దాచే రేకుపెట్టెలో పద్నాలుగో బిళ్ల కింద ఉంచి, మూత వేశాడు.